మూడొందల యూనిట్ల గీత

లాండ్రీలో ఆమెని అందరూ మడతక్క అనేవారు. ఆమె పెట్టిన మడత మీద చెయ్యి వేస్తే వేలు తెగుతుందని అక్కడ ఒక హాస్యం. అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. ఇరవై రెండేళ్ళుగా రోజుకి ఎనిమిది గంటలు నిలబడి, ఆవిరి పెట్టె తోసి తోసి, కుడి భుజం ఎడమ భుజం కంటే కాస్త కిందికి జారింది. ఎవరైనా అడిగితే, "సంపాదించే భుజం కదా, బరువెక్కి దిగింది" అనేది. మాటకి మాట చటుక్కున అందించే మనిషి. అలాంటిది ఒక ఎండాకాలంలో ఆమె నోట మాట రావడం గగనమైపోయింది. ఇది ఆ ఎండాకాలం సంగతి.

ఆమె భర్త రాతి పలకలు నున్నగా తీసే కార్ఖానాలో పాలిష్ మేస్త్రి. పాతికేళ్ళు రాతి దుమ్ము పీల్చాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పేవాళ్ళు లేకపోలేదు కానీ, గుడ్డ కట్టుకుంటే చేతికింద వాళ్ళకి తన కేకలు వినపడవని తీసేసేవాడు. యాభై నాలుగో ఏట ఊపిరితిత్తులు మొరాయించాయి. రెండు మెట్లెక్కితే ఆయాసం, నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించి, రోజుకి పదహారు గంటలు ఆక్సిజన్ పెట్టుకు తీరాలన్నాడు. రాత్రి తొమ్మిది గంటలు, పగలు ఏడు గంటలు. "ఇది మందు లాంటిది. బాగానే ఉంది కదా అని మానేసేది కాదు" అని రెండుసార్లు చెప్పాడు.

అలా ఇంట్లోకి మిషను వచ్చింది. మంచం పక్కన, చక్రాల మీద నిలబడి, గదిలో గాలినే లోపలికి పీల్చుకుని ఆక్సిజన్ వేరుచేసి గొట్టం గుండా ముక్కుకి అందిస్తుంది. దానికి కావలసింది కరెంటు ఒక్కటే. గుర్రుమనే మోత, మధ్యమధ్య బుస్సుమని ఒక నిట్టూర్పు. మొదటి వారం ఆమెకి నిద్ర పట్టలేదు. తర్వాత ఆ మోత లేకపోతే నిద్ర పట్టడం మానేసింది. పిల్లలు లేని ఇల్లు, రెండు గదులు. ఆ మిషనే మూడో మనిషైపోయింది.

వాళ్ళు ముగ్గురు తోబుట్టువులు, మూడు చోట్ల ఉండేవారు. మడతక్క నదికి ఇటువైపు పట్నంలో, చెల్లెలు వంతెన దాటితే అటువైపు ఊళ్ళో, అన్నయ్య ఎక్కడో కొండల మీద చలి ప్రాంతంలో. అన్నయ్య కోల్డ్ స్టోరేజీలో మోటార్లు చూసే మెకానిక్కు. చెల్లెలి మొగుడు బస్సు కండక్టరు. మూడు చోట్లా కరెంటు ఇచ్చేది మూడు వేర్వేరు కంపెనీలు. ఒక నెల చెల్లెలు తన కరెంటు బిల్లు ఫొటో తీసి ఫోన్లో పెట్టి, "మా ఇంటికి కొత్త అల్లుడొచ్చాడు, చూడండి ఎంత లాంఛనం అడుగుతున్నాడో" అని రాసింది. మిగతా ఇద్దరూ తమ బిల్లులు పెట్టారు. ఆనాటి నుంచి నెలనెలా అదొక ఆటైపోయింది.

ఆట సరదాగానే మొదలైంది. అవే ఫ్యాన్లు, అదే రకం ఫ్రిజ్జు, మూడిళ్ళలో మూడు రకాల బిల్లులు. అన్నయ్య వైపు ఎంత వాడినా ఒకటే రేటు, కానీ స్విచ్చి ముట్టుకోకపోయినా కట్టాల్సిన స్థిర చార్జీ తడిసి మోపెడు. "మీరు ఫ్యాన్లేసుకుని ఏడవండి, మేం హీటర్లేసుకుని ఏడుస్తాం" అనేవాడు. చెల్లెలి వైపు రేటు మెట్లు మెట్లుగా పెరిగేది, ఏ మెట్టు యూనిట్లకి ఆ మెట్టు ధర. మడతక్క వైపు మాత్రం ఒక పాడు నిబంధన ఉంది. వాడకం మూడొందల యూనిట్లు దాటిందా, దాటిన వాటికే కాదు, మొదటి యూనిట్ నుంచి మొత్తానికీ పై రేటు పడుతుంది. రెండొందల తొంభై తొమ్మిదికి ఒక బిల్లు, మూడొందల ఒకటికి ఇంకో బిల్లు. ఆ రెండింటి మధ్య తేడా ఆమె వారం జీతం.

పైగా ఆ ఏడాది ప్రతి మూడు నెలలకీ ఏదో ఒక కొత్త పేరుతో పెంచారు. ఒకసారి సర్దుబాటు అన్నారు, ఒకసారి బొగ్గు అన్నారు. మూడు చోట్లా పెరిగింది కానీ ఇటువైపు పెరిగినంత ఇంకెక్కడా పెరగలేదు. ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే కళ్ళకి కట్టినట్టు కనపడేది.

మిషను లేనప్పుడు మడతక్క ఇంట్లో నూట పది, నూట ఇరవై యూనిట్లు అయ్యేవి. మిషను వచ్చాక రెండొందల ఎనభై చిల్లర. గీతకి అంత దగ్గరగా బతకడం ఆమెకి గోడ అంచు మీద నడిచినట్టుండేది. సాయంత్రం పని నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా మీటరు ముందు నిలబడేది. ఫ్రిజ్జు రాత్రి పూట ఆపి చూసింది, పాలు విరిగాయి. లాండ్రీలో రోజంతా వేడి పెట్టె పట్టుకునే మనిషి, తమ బట్టలు మాత్రం ఇస్త్రీ లేకుండా కట్టుకునేది. రోజూ చెల్లెలికి ఫోన్ చేసి, చేతులు ఖాళీ ఉండవు కనక స్పీకరు పెట్టి, "మూడొందలు దాటితే మా పని అయిపోయినట్టేనే" అని మొత్తుకునేది. పక్కన మంచం మీద, ముక్కున గొట్టంతో, మేస్త్రి కళ్ళు మూసుకుని వింటూ ఉండేవాడు. అతను నిద్రపోతున్నాడని ఆమె అనుకునేది.

ఎండలు ముదిరిన నెలలో మూడొందల పన్నెండు వచ్చింది. బిల్లు చేతిలోకి తీసుకుని ఆమె గడప మీదే కూలబడింది. ఆ మర్నాడే మేస్త్రి ఫ్యాను కింద కూర్చునే కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు, అంతే.

తర్వాతి నెల ఎండ ఇంకా మండింది. మడతక్క బిల్లు చూడటానికే భయపడింది. తీరా చూస్తే రెండొందల ముప్పై ఆరు. మళ్ళీ మళ్ళీ చూసుకుంది. రెండు పాత బల్బులు తీసి కొత్తవి పెట్టిన సంగతి గుర్తొచ్చి, అదంతా వాటి మహిమే అనుకుంది. ఫొటో పెట్టి, "నేర్చుకోండి" అని రాసింది. చెల్లెలు, "ఏం మందు పెట్టావే అక్కా మీటరుకి" అని జవాబిచ్చింది. చెల్లెలి బిల్లు నలభై యూనిట్లు పెరిగింది. అన్నయ్య దగ్గర చలి తగ్గి హీటరు ఆపినా స్థిర చార్జీ వల్ల బిల్లు పెద్దగా తగ్గలేదు.

అన్నయ్య ఆ రోజు ఏమీ రాయలేదు. మర్నాడు మధ్యాహ్నం లాండ్రీకి ఫోన్ చేశాడు. అతను పని వేళల్లో ఫోన్ చేసే మనిషి కాదు.

"ఎన్ని బల్బులు మార్చావు?" అన్నాడు.

"రెండు."

"రెండు బల్బులకి నెలకి ఐదు యూనిట్లు తగ్గితే గొప్ప. నీకు డెబ్బై ఆరు తగ్గాయి. మీ ఇంట్లో అంత కరెంటు తినే వస్తువు ఇంకేముంది?"

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. లేదా, అర్థమైంది కానీ మనసు దాన్ని పక్కకి తోసేసింది. మీటరు పాడైందేమో అంది. అన్నయ్య సరే, ముందు మీటరు చూపించు అని పెట్టేశాడు.

ఆ మాటతో ఇంకో భయం పట్టుకుంది. రీడింగు ఉన్నట్టుండి పడిపోయిన ఇళ్ళకి తనిఖీ వాళ్ళు వస్తారని, కరెంటు దొంగతనం అంటగడతారని వీధిలో చెప్పుకునేవారు. వెనక సందులో ఒకాయన్ని అలాగే నడివీధిలో నిలబెట్టి నానా మాటలూ అన్నారు. తనే వెళ్ళి చెప్పుకోవడం మంచిదని, మడతక్క మీటరు రీడింగు తీసే మనిషిని బతిమాలి తీసుకొచ్చింది. అతను ఒక పరీక్ష దీపం తగిలించి, గడియారం చూసుకుని, పావుగంట లెక్క కట్టాడు. మీటరు నిక్షేపంలా ఉందన్నాడు. "తక్కువొచ్చిందని గోలపెట్టేవాళ్ళని మిమ్మల్నే చూశానమ్మా" అని నవ్వుకుంటూ పోయాడు.

మీటరు బాగానే ఉంది. అంటే ఇంట్లో ఏదో నడవాల్సింది నడవడం లేదు.

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. లోపల్నుంచి మిషను మోత వినపడుతూనే ఉంది, గుర్రుమని, మధ్యలో బుస్సుమని. ఆ మోత విని నిమ్మళించింది. కానీ ఆ నిమ్మళం ఎంతోసేపు నిలవలేదు. గత నెల రోజులుగా చూస్తున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. పొద్దున లేస్తూనే తలనొప్పి అంటున్నాడు. చెప్పుల్లో పాదాలు పట్టడం లేదు, వాపు. మాట్లాడుతూ మాట్లాడుతూ కునుకు తీస్తున్నాడు. అవన్నీ ఎండ దెబ్బే అనుకుంది.

మిషను వెనక, కింది వైపు, చిన్న అంకెల పెట్టె ఒకటి ఉంటుంది. మొత్తం ఎన్ని గంటలు నడిచిందో అది చూపిస్తుంది. గాలి వడకట్టే జల్లెడ మార్చడానికి వచ్చే సర్వీసు మనిషి తప్ప దాని జోలికి ఎవరూ వెళ్ళరు. మర్నాడు పొద్దున, మేస్త్రి స్నానానికి వెళ్ళి మిషను ఆపి ఉన్నప్పుడు, ఆమె నేల మీద వంగి ఫోను వెలుగులో ఆ అంకెలు చూసింది. నాలుగు వేల రెండొందల పద్దెనిమిది. అతను వచ్చి గొట్టం పెట్టుకుని, స్విచ్చి వేసుకుని, "వెళ్ళిరా" అన్నాడు. వెళ్ళింది. ఆ రోజు ఒక తెల్ల చొక్కా కాలర్ మాడ్చింది. ఇరవై రెండేళ్ళలో అది మొదటిసారి.

సాయంత్రం వచ్చేసరికి మిషను నడుస్తోంది. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఊడవాలన్నట్టు చీపురు పట్టుకుని మంచం వెనక్కి వంగింది. నాలుగు వేల రెండొందల పద్దెనిమిది. ఒక్క అంకె కూడా కదల్లేదు.

చీపురు చేతిలోనే ఉండిపోయింది. అడగాలనుకుంది. అడిగితే అతను అవునంటాడేమోనని భయం. అంకెల పెట్టే చెడిపోయి ఉండొచ్చు కదా అని తనకి తానే చెప్పుకుంది. ఆ ఆశ పట్టుకుని రాత్రంతా మిషను పక్కన పడుకుంది. పొద్దున లేచి చూస్తే అంకెలు తొమ్మిది పెరిగి ఉన్నాయి. పెట్టె చెడిపోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం యజమానికి తలనొప్పని చెప్పి బయల్దేరింది. బస్సు దొరకలేదు. నడిచింది, మధ్యలో పరుగెత్తింది. సందు మొదట్లోంచే చెవులు రిక్కించింది. వాళ్ళ కిటికీ కింద నిలబడితే మిషను మోత ఎప్పుడూ వీధిలోకి వినపడేది. కిటికీ కింద నిలబడింది. పక్కింట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు. వాళ్ళ ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు.

తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది.

మేస్త్రి కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. ముక్కున గొట్టం ఉంది. ఎవరైనా తొంగిచూసినా అనుమానం రాకుండా గొట్టం పెట్టుకునే ఉన్నాడు. ఆ గొట్టం రెండో కొస చచ్చిన మిషనుకి తగిలించి ఉంది. తల ఒక పక్కకి వాలిపోయింది. పెదాలు సీసం రంగు. చేతి గోళ్ళు ఎవరో సిరాలో ముంచినట్టున్నాయి. ఆమె పిలిచింది. పలకలేదు. మిషను స్విచ్చి నొక్కింది, మోగలేదు. మళ్ళీ నొక్కింది. అప్పుడు చూసింది, గోడలోంచి ప్లగ్గే పీకేసి ఉంది. దాన్ని గుచ్చి, స్విచ్చి వేసి, ఒంట్లో ఆక్సిజన్ ఎంతుందో చూపే క్లిప్పు వెతికి వేలికి పెట్టింది. డెబ్బై తొమ్మిది. డాక్టరు తొంభైకి తగ్గకూడదన్నాడు.

భుజాలు పట్టుకుని ఊపింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. ఆమె ఎవరో పోల్చుకోవడానికి అతనికి కాసేపు పట్టింది. ఆ కాసేపు చాలు, ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

"దాటలేదుగా?" అన్నాడు.

"ఏంటి?"

"మూడొందలు."

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నారు. మొదటి రెండు రోజులు డాక్టర్లు ఆమె మొహంలోకి చూడకుండా మాట్లాడారు. దాన్ని బట్టే ఆమెకి పరిస్థితి అర్థమైంది. మూడో రోజు అతను నీళ్ళు అడిగాడు. నెల రోజులకి పైగా ఆక్సిజన్ చాలక గుండె మీద భారం పడిందని, పోయిన ఓపిక పూర్తిగా తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఇకమీదట పదహారు గంటలు చాలవు, ఇరవై గంటలు పెట్టుకోవాలి. ఆ మాట విన్నప్పుడు ఆమె చేసిన మొదటి పని మనసులో యూనిట్లు లెక్క వెయ్యడం. అలా లెక్క వేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అయిదో రోజు అతను లేచి కూర్చున్నాక అడిగింది. ఎందుకిలా చేశారని కాదు, అది ఆమెకి తెలుసు. ఒక్కమాట తనతో చెప్పి ఉండొచ్చు కదా అంది.

అతను ఒక్కొక్క మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. "రోజూ మీటరు ముందు నిలబడేదానివి. మీటరు తిప్పేది నేనే కదా. పొద్దున కాసేపు ఆపి చూశాను, ఏం కాలేదు. మర్నాడు ఇంకాసేపు ఆపాను."

"మీటరు గురించి కదా నేను మాట్లాడింది."

"నాకు నా గురించే వినపడింది."

స్పీకరు పెట్టి మొత్తుకున్న సాయంత్రాలన్నీ ఆమెకి గుర్తొచ్చాయి. పక్క మంచం మీద మనిషి కళ్ళు మూసుకున్నంత మాత్రాన చెవులు మూసుకోడని ఆమెకి ఇన్నాళ్ళూ తట్టలేదు. వరండాలోకి వెళ్ళి, గోడకి మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఆ వరండాలోనే, పక్క మంచం రోగి భార్య ఆమెకి ఒక సంగతి చెప్పింది. వాళ్ళది నది అవతల. వాళ్ళ ఇంట్లోనూ ఇలాంటి మిషనే ఉంది. డాక్టరు కాగితం చూపిస్తే మిషను వాడకాన్ని విడిగా లెక్కగట్టి అన్నిటికంటే కింది రేటు వేస్తారట. ఇన్నాళ్ళూ ముగ్గురు తోబుట్టువులూ బిల్లులు పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నారే కానీ, చెల్లెలి ఇంట్లో రోగి లేడు కనక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

మడతక్క ముందు తమ వైపు కరెంటాఫీసుకే వెళ్ళింది. మూడు కిటికీలు తిప్పారు. నాలుగో చోట ఒక పెద్దాయన ఆమె చేతిలో కాగితం చివరిదాకా చదివాడు. పాపం, మంచివాడే. "ఇక్కడ ఆ సౌకర్యం లేదమ్మా. అది అవతలి కంపెనీ వాళ్ళది. మా నిబంధనల్లో రోగి అనే మాటే లేదు" అన్నాడు.

ఆ వారంలోనే మరిది తన డ్యూటీ మార్చుకుని అటువైపు ఇల్లు వెతికాడు. చెల్లెలు తమ ఇంట్లోనే ఉండమంది. మేస్త్రి ఒప్పుకోలేదు, మరదలి ఇంట్లో మోత పెట్టుకుని కూర్చోలేనన్నాడు. చివరికి చెల్లెలి ఇంటికి రెండు వీధులవతల కింది అంతస్తులో ఒక గది దొరికింది. ఇల్లు మారిన రోజు మిషన్ని అన్నిటికంటే చివర ఎక్కించి, అన్నిటికంటే ముందు దించారు. ఆ మధ్య గంటన్నర, దారికని తెచ్చుకున్న ఆక్సిజన్ సిలిండరు ముల్లు కిందికి దిగుతుంటే, వంతెన మీద బండి కదలక ఆగిపోయినప్పుడు, ఆమె అతని వేలికి క్లిప్పు పెట్టి దాని మీంచి చూపు మరల్చలేదు.

డాక్టరు కాగితం చూపిస్తే ఇక్కడ మిషనుకి కింది రేటే వేశారు. కొత్త గదిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అతని చెవిన పడేలా బిల్లు మాట ఎత్తకూడదు. ఫోన్లో ఫొటోల ఆట ఆగిపోయింది. చెల్లెలు రోజూ మధ్యాహ్నం వచ్చి బావ దగ్గర గంటసేపు కూర్చునేది. కబుర్లకి వచ్చినట్టే వచ్చేది కానీ, అందుకే వస్తోందని అతనికీ తెలుసు. ఒకసారి "నాకు కాపలా కాస్తున్నావా?" అని అడిగితే, "అవును బావా, ఈ ఉద్యోగానికి జీతం ఎవరిస్తారో చెప్పండి" అంది. అతను చాలా రోజుల తర్వాత నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది.

మడతక్క రోజూ రెండు బస్సులు మారి పాత లాండ్రీకే వెళ్ళివచ్చేది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, నదికి రెండువైపులా దీపాలు ఒకేలా వెలిగేవి. ఏది ఏ కంపెనీదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

వానలు మొదలైన నెలలో ఒక సాయంత్రం, పక్క సీట్లో ఎవరో వదిలేసిన పేపరు ఉంది. విసురుకుందామని తీసింది. మొదటి పేజీలోనే వార్త. అవతలి కంపెనీ కూడా రేట్లు పెంచమని అర్జీ పెట్టుకుంది, ఇస్తున్న రాయితీలన్నిటినీ తిరిగి పరిశీలిస్తారు. ఏ రాయితీలో రాయలేదు. ఆ వార్తని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివింది, ఎక్కడైనా మిషను మాట ఉందేమోనని. లేదు. ఆ రాయితీ ఉంచుతారని కూడా ఎక్కడా లేదు. పేపరు నాలుగు మడతలు పెట్టి సీటు మీద వదిలేసి లేచింది.

దిగబోతుంటే ఆ బస్సు కుర్ర కండక్టరు వెనక నుంచి పిలిచాడు. "అమ్మా, ఈ పేపరు మీదేనా?"

"నాది కాదు బాబూ" అని, ఆమె వానలో దిగి, గబగబా ఇంటివైపు నడిచింది.